గాజు తొట్టెలో పరిగెల గుంపు

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మానికి ఒక పక్క కళింగపట్నం దగ్గర వంశధార, ఇంకో పక్క కళ్లేపల్లి దగ్గర నాగావళి సముద్రంలో కలుస్తాయి. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వచ్చినవే. ఈ రెండు నదుల నడుమ పల్లపు నేలంతా చెరువులు, బందలు, గెడ్డలు, వరిమళ్ళు. తొలకరి వానలకు గెడ్డలు పారడం మొదలైతే చాలు, మదుముల దగ్గరా మడిగట్ల గండ్ల దగ్గరా వేలెడేసి కూడా లేని చేపలు నీటికి ఎదురెక్కి పొలాల్లోకి వచ్చేస్తాయి. చాలామందికి అవన్నీ పరిగెలే, పులుసులోకి పనికొచ్చేవే. గిన్నెలోకి చేరకముందు కాసేపు నీళ్ళలో ఉంచి చూస్తే మాత్రం ఆ గుప్పెడు చేపల్లోనే నాలుగైదు జాతులు కనిపిస్తాయి.

మొప్ప వెనక ఒక నల్లచుక్క, తోక మొదట్లో ఇంకో చుక్క ఉంటే అది టిక్టో బార్బ్. గుడ్లు పెట్టే కాలంలో దాని మగచేప ఒంటికి ఎర్రటి ఛాయ వస్తుంది. ముట్టె నుంచి తోక దాకా నల్లగీత సాగితే రాస్బోరా. పొడవాటి మీసాలేసుకుని నీటి పైపొరలో తిరిగేది ఎసోమస్. వెన్నెముక బయటికి కనిపించేంత తేటగా ఒళ్ళున్నది గాజుచేప. నడినెత్తిన మెరిసే తెల్లచుక్కతో నీటిమట్టానికి అంటిపెట్టుకుని ఉండేది పంచాక్స్. మొక్కలతో చిన్న మంచినీటి అక్వేరియం పెట్టి, అందులో ఒకదాన్నొకటి కరవని చిన్నచేపల గుంపును పెంచాలనుకునే ఉత్తరాంధ్ర వాసులు ముందుగా పరిచయం చేసుకోవలసింది వీటితోనే. దుకాణాల్లో నీలం, ఎరుపు గీతలతో మెరిసే నియాన్ టెట్రా అందమైనదే. కానీ అది అమెజాన్ అడవి నీడలో, మెత్తని ఆమ్లజలంలో, అంతగా వేడెక్కని నీటిలో బతకడానికి తయారైన చేప. సిక్కోలు (శ్రీకాకుళం) వేసవిలో ఇంట్లోని తొట్టె నీరు 30 డిగ్రీలు దాటిన రోజున దానికి కష్టకాలమే. పరిగెకు మాత్రం అది ఏటా వచ్చే ఎండాకాలం.

ఈ చిన్నచేపలకు శాస్త్రం పేరు పెట్టి రెండు వందల ఏళ్ళు దాటింది. టిక్టో బార్బ్, రాస్బోరా, ఎసోమస్, గాజుచేప, పంచాక్స్ అన్నీ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద వెలువరించిన గ్రంథంలోనివే. అంతకు ముందే, 1803లో, ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు లండన్‌లో అచ్చయ్యాయి. రక్తపింజరికి ఇంగ్లిషులో ఉన్న పేరు ఈయనదే. ఇక్కడి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లను కూడా ఆయన ఆ పుస్తకంలో రాసుకున్నాడు. అయితే ఆయన చూసినవి చాలావరకు సముద్రపు చేపలు. మడిగట్టు చేపలకు అంతటి ఓపికైన చిత్రకారుడు ఈ తీరంలో ఆనాడు దొరకలేదు.

చిన్నచేప గుంపు కట్టడం సరదా కోసం కాదు. ఒంటరి చేపకు బతుకు కష్టం. 1986లో లాండో, టెర్బోర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం దీన్ని చక్కగా చూపించింది. వేటచేప ముందు ఒక్క చిన్నచేపను వదిలితే అది ఇట్టే దొరికిపోయింది. ఎనిమిది, అంతకు మించి వదిలితే వేటచేప దేని వెంట పడాలో తేల్చుకోలేక తడబడింది. తర్వాత ఎనిమిదింటి గుంపులో ఒకటి రెండింటికి నీలిరంగు పులిమారు. గుంపు అంత పెద్దదైనా వేటచేపకు మళ్ళీ గురి కుదిరింది. తనలాంటి వాటి మధ్య ఉంటేనే చేపకు రక్షణ అన్నమాట. అక్వేరియంలో ఆరు జాతులవి ఒక్కొక్కటి చొప్పున కొని వేసేవారు గుర్తుంచుకోవలసిన విషయమిది. బయటికి అవి ఆరు చేపలు. వాటి లెక్కలో మాత్రం ఆరుగురు ఒంటరివాళ్ళు.

గుంపు వల్ల తిండి కూడా తొందరగా దొరుకుతుంది. కళ్ళు ఎక్కువైన కొద్దీ ఎవరో ఒకరికి మేత కనబడుతుంది, మిగిలినవి అటు తిరుగుతాయి. శత్రువు కోసం కాపలా కాసే పని అందరికీ పంచబడుతుంది కాబట్టి ఒక్కొక్క చేప నిశ్చింతగా మేయగలుగుతుంది. తొట్టెలో రెండు మూడే ఉన్నప్పుడు మూల దాక్కుని, రంగు వెలిసి, మేత ముట్టని చేపలే పదింటి గుంపులో చేరేసరికి నడిమధ్యకు వచ్చి తిరగడానికి కారణం ఇదే.

మరి అన్నీ ఒక్కసారి ఎలా మలుపు తిరుగుతాయి? నాయకుడంటూ ఎవరూ ఉండరు. కంప్యూటర్ బొమ్మల కోసం క్రెగ్ రేనాల్డ్స్ 1987లో మూడే నియమాలు రాశాడు. పక్కవాడిని గుద్దుకోకు, పక్కవాడు పోయే దిక్కుకే పో, నలుగురికీ దూరమవకు. ఈ మూడింటితోనే తెర మీద పక్షుల గుంపులు, చేపల గుంపులు నిజమైనవాటిలాగే కదిలాయి. ఒంటికి రెండు పక్కలా సాగే పార్శ్వరేఖ చేపకు ఇందులో పెద్ద ఆసరా. నీటిలో వచ్చే సన్నని ఒత్తిడి మార్పుల్ని అది పట్టేస్తుంది. 1980 ప్రాంతంలో పిచర్, పార్ట్‌రిడ్జ్ అనే శాస్త్రజ్ఞులు కళ్ళకు గంతలు కట్టిన సముద్రచేపల్ని పరీక్షిస్తే, కంటిచూపు లేకపోయినా అవి గుంపులో తమ చోటు నిలబెట్టుకోగలిగాయి.

గుంపుకు ఇంకో రహస్య భాష ఉంది. తేనెటీగల నృత్యాన్ని విప్పి చెప్పి 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, అంతకు చాలా ముందు, 1938లో, మిన్నో చేపల్లో ఒక వింత గమనించాడు. ఒక చేప చర్మం గాయపడితే దాన్నుంచి ఏదో రసాయనం నీటిలో కలిసి, గుంపంతా బెదిరి చెల్లాచెదురవుతోంది. పరిగెలు, రాస్బోరాలు, టెట్రాలు ఉన్న పెద్ద వంశంలో చాలావాటికి ఈ గుణం ఉంది. కనుక వల వేసి చేపను పట్టేటప్పుడు పొలుసులు రాలేలా తరమకూడదు. ఒకటి గీసుకుపోయిందంటే మిగిలినవాటికి ఆ సంగతి అందినట్టే. అలాంటప్పుడు కొంత నీరు తీసి కొత్తనీరు పోస్తే మంచిది.

ఇక నీటి సంగతి. అక్వేరియంలో చేపలు చావడానికి రోగమొక్కటే కారణం కాదు, తాము విసర్జించే అమ్మోనియా కూడా. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో, మట్టిలో, ఆకుల మీద నెమ్మదిగా కాపురం పెడతాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది అంత ప్రమాదం కాదు. ఈ రెండు మెట్లనూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరా బాక్టీరియా ఉందని 2015లో తేలింది. ఆ పరిశోధనల్లో ఒకదానికి మూలం చేపల పెంపకపు ఫిల్టరు. ఈ కాపురం కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజే చేపల్ని కొనడం వల్ల జరిగే నష్టమంతా ఈ మొదటి వారాల్లోనే.

తీరప్రాంతపు బోరునీళ్ళు చాలాచోట్ల చవుడుగా, క్షారంగా ఉంటాయి. అమ్మోనియా విషయంలో ఇది గట్టిగా పట్టించుకోవలసిన సంగతి. 30 డిగ్రీల వేడిలో పిహెచ్ 7 దగ్గర ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపే. పిహెచ్ 8కి చేరితే అది ఏడు శాతం దాటుతుంది. అదే చెత్త, అదే తొట్టె, అయినా విషం ఎన్నోరెట్లు. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నర దాకానే. వేసవిలో చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే అర్థం ఇదే. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ఒక రోజు నిలవబెట్టాలి, లేదా క్లోరిన్‌ను విరగ్గొట్టే హైపో గుళికలు వేయాలి.

ఈ చిక్కులన్నిటికీ మొక్కలే పెద్ద మందు. లండన్‌లో రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ 1850లో గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్క, కొన్ని నత్తలు ఉంచి, నీరు మార్చకుండానే అవి ఒకదానికొకటి ఆధారంగా బతుకుతాయని చూపించాడు. అక్వేరియం అనే ఆలోచనకు అది గట్టి పునాది. అమెరికాలో డయానా వాల్స్టాడ్ 1999లో రాసిన పుస్తకం ఆ ఆలోచనను మట్టి దాకా తీసుకెళ్ళింది. అడుగున మామూలు తోటమట్టి, దాని మీద సన్నగులకరాయి, నిండా మొక్కలు. నీటిమొక్కల్లో చాలావాటికి నైట్రేటు కన్నా అమ్మోనియమే ఇష్టమైన ఆహారం. చేపకు విషమైనది మొక్కకు ఎరువన్నమాట. మొక్కల తొట్టెను మరో కొసకు తీసుకెళ్ళి, తొట్టెలో అడవినే దించినవాడు జపాన్‌కు చెందిన తకాషి అమానో. 2015లో లిస్బన్ ఓషనేరియంలో ఆయన 40 మీటర్ల పొడవున వేసిన జలవనం చూడటానికి లోకమంతా పోటెత్తింది. అదే ఏడాది ఆయన కన్నుమూశాడు.

అయితే శ్రీకూర్మం ఇంట్లో పెట్టే తొట్టెకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లూ ఖరీదైన దీపాలూ అక్కరలేదు. చెరువులో పెరిగే హైడ్రిల్లా ఒక్కటి చాలు మొదలెట్టడానికి. కార్బన్ డయాక్సైడ్ దొరకనప్పుడు నీటిలోని బైకార్బనేట్ నుంచి కూడా అది కర్బనం లాగుకోగలదు. చవుటి బోరునీళ్ళలో బైకార్బనేట్ ఎలాగూ దండిగా ఉంటుంది. ఈ మొక్క బొమ్మను వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో అచ్చువేశాడు. హైగ్రోఫిలా పాలిస్పెర్మా అనే ఇంకో మన మొక్కకు ‘పాలిస్పెర్మా’ అన్న పేరు పెట్టినవాడూ ఆయనే. అక్వేరియం వ్యాపారం ఈ రెండిటినీ అమెరికా దాకా మోసుకుపోయింది. అక్కడ ఫ్లోరిడా కాలువల్ని కమ్మేసి అవి కలుపుమొక్కలయ్యాయి. మన చెరువుల్ని బ్రెజిల్ నుంచి వచ్చిన గుర్రపుడెక్క కమ్మినట్టే.

వాలిస్నేరియా, బ్రాహ్మి, సెరటోఫిల్లం కూడా మన ఎండకు తట్టుకునేవే. పైన అంతరతామర ఒకటి రెండు తేలేస్తే నీడా వస్తుంది, వాటి వేళ్ళు అమ్మోనియానూ లాగేస్తాయి. గెడ్డ నుంచి తెచ్చిన మొక్కను నాలుగైదు రోజులు వేరే బక్కెట్లో ఉంచాలి. దాంతో పాటు తూనీగ పిల్లపురుగులు వస్తే చిన్నచేపల పిల్లల్ని పట్టి తినేస్తాయి. దీపం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. అంతకు మించితే నాచు పట్టేస్తుంది. రాత్రి మొక్కలు కూడా ప్రాణవాయువే వాడుకుంటాయి గనుక తొట్టెలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది తెల్లవారుజామున. మొక్కలు దట్టంగా ఉన్న తొట్టెకు రాత్రిపూట ఎయిర్ పంపు నడపడం అందుకే మేలు.

ఉత్తరాంధ్రలో మరో లెక్క కూడా వేసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఆ తుపాన్లకు రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే ఫిల్టరు బాక్టీరియాకు ఊపిరాడదు. కిటికీ వెలుగులో దట్టంగా పెరిగిన మొక్కలు, తక్కువ చేపలు ఉన్న తొట్టె అలాంటి రోజుల్ని దాటే అవకాశం ఎక్కువ. నిండుగా చేపలు కుక్కిన తొట్టె దాటలేదు.

ఎంత తొట్టె కావాలి? మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉంటే సుమారు 130 లీటర్లు పడతాయి. గుంపు ఈదాలంటే ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. ఇందులో టిక్టో బార్బులు పది, వాటితోపాటు ఇంకో జాతి గుంపు ఒకటి చాలు. మొదట ఆరింటిని ఒక్కసారే వేసి, రెండు మూడు వారాల తర్వాత మిగిలినవాటిని చేర్చాలి. ఒకటొకటిగా వేస్తే ముందొచ్చింది బెంగపడుతుంది, ఒక్కసారి ఇరవై వేస్తే ఫిల్టరు తట్టుకోదు. ఎసోమస్, రాస్బోరా ఎగిరి బయట పడతాయి కాబట్టి మూత తప్పనిసరి. రాస్బోరా పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, దానికి నాలుగడుగుల తొట్టె న్యాయం. పంచాక్స్ నోట్లో పట్టేంత చిన్నవాటితో దాన్ని కలపకూడదు.

గాజుచేప గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని తేటదనమే దానికి శాపమైంది. ఒంట్లోకి సూదులతో మెరిసే రంగులెక్కించి రంగుచేపలని అమ్మిన వ్యాపారం ప్రపంచమంతా నడిచింది. ఆ రంగు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది, సూది గాయం మాత్రం రోగాలకు దారి తీస్తుంది. రంగులేని గాజుచేపలు పది, పచ్చని వాలిస్నేరియా మధ్య మొప్పలూ ఎముకలూ మెరుస్తూ నిలబడితే దానికి పైరంగు ఎందుకు? రంగెక్కించిన చేప అంగట్లో కనిపిస్తే కొనకుండా వదిలేయడమే దానికి చేసే మేలు.

గుంపు చేపల్లో లోకానికి ఎక్కువ ఉపకారం చేసింది జీబ్రా డానియో. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో వరిచేల పక్క నీటిలో తిరిగే ఈ చేపను జార్జ్ స్ట్రైసింగర్ ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల జీవిగా మలిచాడు. 1981లో ఆయన బృందం దాన్ని క్లోన్ చేసినట్టు ప్రకటించింది. 2013లో వచ్చిన జన్యుపటం ప్రకారం మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దీనిలో సాటి జన్యువులున్నాయి. గుండెలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ పెంచుకోగలదని 2002లో తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ దీని మీద పరిశోధన సాగుతోంది. తొట్టెలో ఇది బార్బులతో చక్కగా కలిసి ఉంటుంది, మన వేడికీ తట్టుకుంటుంది.

చేపలు పట్టే చోటు గురించి ఒక మాట. గెడ్డల్లో, రైతు అనుమతితో మడికాలువల్లో చిన్న చేతివలతో పదో పదిహేనో పట్టుకోవచ్చు. శ్వేతపుష్కరిణి లాంటి ఆలయ కోనేళ్ళు, పక్షుల రక్షిత ప్రాంతాల జోలికి పోకూడదు. శ్రీకూర్మం గుడిలో చూసిన నక్షత్ర తాబేళ్ళను ఇంట్లోనూ పెంచుదామనుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతుల, రంగుకొంగల కడుపు నింపేది ఈ చిత్తడి నేలల చేపలే. మోలా అనే ఇంకో చిన్నచేపలో విటమిన్ ఎ మెండుగా ఉందని బంగ్లాదేశ్‌లో నిరూపించిన శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. అది మన చెరువుల్లోనూ ఉంది. సోంపేట బీల అనే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు కలిసి నిలబడ్డారు. 2010 జులైలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఆ విద్యుత్ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. చిత్తడి నేలలు మిగిలితేనే ఈ చేపలు మిగులుతాయి.

తొట్టెలోంచి గెడ్డలోకి మాత్రం ఏదీ వదలకూడదు. దోమల కోసం 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన గంబూసియా స్థానిక చేపల గుడ్లు, పిల్లలు తినే బెడద అయింది. ప్రపంచంలోని వంద అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. నిజానికి దోమ లార్వాలను తినే పని మన పంచాక్స్ ఎప్పటినుంచో చేస్తోంది. తొట్టెల్లో నాచు తినడానికి కొనే సక్కర్ చేప ఇప్పుడు తూర్పు కనుమల నీటివనరుల్లో సగానికి పైగా వ్యాపించిందని సీసీఎంబీ పరిశోధకులు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్ళతో కనుగొన్నారు. గెడ్డలో పట్టిన పరిగెనైనా తిరిగి అక్కడ వదలకూడదు. దుకాణపు చేపలతో కలిసి ఉండగా వాటి రోగాలేవైనా దానికి అంటి ఉండవచ్చు. వద్దనుకున్న చేపలను పెంచేవారికి ఇచ్చేయడమే దారి.

తీరపు ఉప్పునీటి కాలువల్లో సుమారు మూడు సెంటీమీటర్లుండే వరిచేప ఒకటుంది, ఒరైజియాస్ అంటారు. దాని జపాన్ చుట్టం మెడాకా 1994లో కొలంబియా నౌకలో జతకట్టి, అంతరిక్షంలో పిల్లల్ని కన్న మొదటి వెన్నెముక జీవి అయింది. మన వరిచేప తక్కువ ఉప్పున్న నీటికీ, మంచినీటికీ మెల్లగా అలవాటు పడుతుంది. ఆడచేప గుడ్ల గుత్తిని పొట్టకింద వేలాడదీసుకుని తిరిగి, తర్వాత హైడ్రిల్లా ఆకులకు తగిలిస్తుంది. ఆ కొమ్మను తుంచి వేరే డబ్బాలో ఉంచితే రెండు వారాల లోపు పిల్లలు బయటికొస్తాయి. బార్బులు గుడ్లను చెల్లాచెదురుగా చల్లేసి, వెంటనే తామే తినడానికి వెతుకుతాయి. అందుకని గుడ్లు పడగానే పెద్దచేపల్ని తీసేయాలి, ఒకటి రెండు రోజుల్లో పిల్లలు పుడతాయి. మొదటి వారం వాటికి ఎండుగడ్డి నానబెట్టిన నీటిలో పుట్టే సూక్ష్మజీవులే మేత, తర్వాత ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్నజీవుల అప్పుడే పొదిగిన పిల్లల్ని పెట్టాలి. వారం వారం పావువంతు నీరు మారిస్తే కొన్ని నెలల్లో అవి పెద్దగుంపులో కలిసే సైజుకు వస్తాయి. అక్కడి నుంచి తొట్టెకు కావలసిన చేపలు తొట్టెలోనే దొరుకుతాయి, గెడ్డకు వల పట్టుకెళ్ళే పని ఉండదు.